పువ్వుల లెక్క తెలిసిన జానకి అమ్మాళ్

తెల్లారేసరికి విచ్చుకుని, పొద్దుగూకేసరికి ముడుచుకుపోయే పువ్వు డే లిల్లీ. పేరులోనే ఉంది దాని ఆయుష్షు. ఒక్క పూట సంబరం! అయినా పెరట్లో ఓ వారగా దాన్ని నాటుకున్నవాళ్లకి ఆ ఒక్క పూటే చాలు. రేపటికి అదే కాడ మీద ఇంకో మొగ్గ సిద్ధంగా ఉంటుంది మరి.

లిల్లీ అనగానే బజారులో దండలు కట్టి అమ్మే తెల్లటి లిల్లీ అనుకునేరు. అది నేలసంపెంగ. ఇది వేరు. గడ్డిలా పొడవాటి ఆకులు, మధ్యలోంచి లేచే కాడ, కాడ చివర గరాటాలాంటి పువ్వు. పాత రకాల పూలు చిన్నవి, రేకులు పల్చన. ఇప్పటి పెద్ద రకాలైతే ఆరేడు అంగుళాల వెడల్పు, రేకు పట్టుకుంటే మందంగా ఉంటుంది.

ఈ పువ్వుకి ఆ పెద్దరికం ఎక్కణ్నుంచి వచ్చింది? ఎరువు ఎక్కువ వేస్తే వచ్చిందా? కాదు. దాని వెనక ఒక లెక్క ఉంది. ప్రతి మొక్క కణంలోనూ కంటికి కనిపించని దారపు ముక్కల్లాంటివి ఉంటాయి. వాటినే క్రోమోజోములంటారు. పొందూరు ఖద్దరుకి నూలు కౌంటు ఎలాగో, మొక్కకి ఈ లెక్క అలాగ. మామూలు డే లిల్లీలో అవి 22. ఒక మందుతో ఆ 22ని 44 చేస్తే కాడ లావెక్కింది, రేకు మందమెక్కింది, పువ్వు పెద్దదైంది. అమెరికాలో తోటల పిచ్చి ఉన్నవాళ్లు 1940లలో ఈ పని మొదలుపెడితే, 1960ల నాటికి పెద్ద పూల డే లిల్లీలు ఇళ్లకి చేరాయి.

ఆ 1940లలోనే, అదే మందు చేతపట్టి, ఇంగ్లండులో ఒక పెద్ద తోటలో చెట్ల మొలకల మీద పనిచేసిన భారతీయ స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు జానకి అమ్మాళ్. తెలుగావిడ కాదు, మలయాళీ. ఆవిడ పని చేసింది డే లిల్లీల మీద కూడా కాదు. కానీ పువ్వుని పెద్దది చేసే ఆ కిటుకు మర్మం బాగా తెలిసిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఆవిడ ఒకరు. మన చెరుకు తోటలకీ ఆవిడ చదువుకీ చుట్టరికం ఉంది. ఆ కథే ఇది.

తలచేరి ఇంట్లో తోట

ఎడవలెత్ కక్కట్ జానకి 1897 నవంబరు 4న కేరళ తీరంలోని తలచేరిలో పుట్టారు. అప్పట్లో అది మన శ్రీకాకుళం, విజయనగరం లాగానే మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి కృష్ణన్ గారు సబ్ జడ్జి. కోర్టు నుంచి వస్తే ఆయనకి లోకం రెండే... పుస్తకాలు, తోట. పక్షుల గురించి కూడా రాసుకునేవారు. ఇంటినిండా పిల్లలు. ఆ సందడిలో తండ్రి వెనకాల తోటలో తిరిగిన పిల్ల జానకి. ఏ మొక్క ఎప్పుడు మొగ్గ తొడుగుతుందో, ఏ పువ్వు మీద ఏ పురుగు వాలుతుందో చిన్నప్పుడే కళ్లకి అలవాటైపోయింది.

అక్కచెల్లెళ్లకి ఒక్కొక్కరికీ పెళ్లిళ్లు అవుతున్నాయి. జానకి మాత్రం తలచేరిలో కాన్వెంటు చదువయ్యాక మద్రాసు వెళ్లి క్వీన్ మేరీస్ కాలేజీలో చేరారు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో 1921లో వృక్షశాస్త్రంలో ఆనర్స్ పట్టా. మన దగ్గర ఆడపిల్లకి ఉత్తరం రాయడం వస్తే చాలనుకునే రోజులవి! చదువయ్యాక మద్రాసులోనే విమెన్స్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పారు.

ఇంతలో ఇంట్లో సంబంధం అనుకున్నారు. దగ్గరి బంధువుల అబ్బాయే. సరిగ్గా అప్పుడే అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయం నుంచి బార్బర్ స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆసియా దేశాల ఆడపిల్లల కోసం పెట్టిన స్కాలర్‌షిప్పు అది. పెళ్లా, చదువా? జానకి చదువే అన్నారు. ఆ తర్వాత కూడా ఆవిడ పెళ్లి చేసుకోలేదు.

యువరాణి అనుకున్నారట!

1924లో ఓడ దిగిన జానకిని అమెరికా రేవులో అధికారులు ఆపేశారట. పట్టుబట్టలు, ఒత్తయిన పొడుగాటి జుట్టు, నిండైన విగ్రహం చూసి భారతదేశపు యువరాణి కాబోలనుకుని, ఆ మాటే అడిగారట. జానకి అవునన్లేదు, కాదన్లేదు! మొత్తానికి లోపలికి వదిలేశారు. వాళ్ల కుటుంబంలో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఇది.

మిచిగాన్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, రాత్రింబగళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని మొక్కల కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. మాస్టర్స్ పట్టా తీసుకుని మద్రాసు వచ్చి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, మళ్లీ వెళ్లారు. 1931లో డాక్టరేటు వచ్చింది. వృక్షశాస్త్రంలో అమెరికా డాక్టరేటు అందుకున్న తొలి భారతీయ మహిళ ఆవిడేనంటారు.

మనకి ఇష్టమైన వంకాయనీ ఆవిడ వదల్లేదు. రెండు జాతులు కలిపి ఆవిడ పుట్టించిన వంగ రకానికి జానకి పేరే పెట్టారు. వంకాయ కూర వండని ఇల్లు మన జిల్లాల్లో ఉంటుందా? ఈసారి కూర తరుగుతున్నప్పుడు ఓసారి ఆవిణ్ని తలుచుకోండి.

రెల్లుగడ్డికీ చెరుక్కీ చుట్టరికం

తిరువనంతపురం కాలేజీలో రెండేళ్లు ప్రొఫెసరుగా చేసి, 1934లో జానకి కోయంబత్తూరు చెరుకు పరిశోధన కేంద్రంలో చేరారు. ఇక్కడే మనకి దగ్గరవుతారు ఆవిడ.

సీతానగరం, బొబ్బిలి, భీమసింగి, ఆమదాలవలస... ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీల ముందు చెరుకు బళ్లు బారులు తీరిన ఊళ్లు. అక్కడి పాత రైతుల్ని అడగండి, చెరుకు రకాల పేర్లు కో అంటూ మొదలుపెట్టి ఒక నంబరుతో చెబుతారు. ఆ కో అంటే కోయంబత్తూరే. 1913లో మొదలైన అనకాపల్లి చెరుకు పరిశోధన కేంద్రం మనకి పక్కనే ఉన్నా, రకాలు పుట్టించే ముఖ్యమైన పని కోయంబత్తూరులో జరిగేది.

చెరుకులో రెండు గుణాలు కావాలి. తియ్యదనం ఒకటి, తట్టుకునే శక్తి ఒకటి. లావుపాటి తియ్యటి చెరుకు జాతి మన ఎండలకీ తెగుళ్లకీ ఆగేది కాదు. నాగావళి, వంశధార ఒడ్డున తెల్లటి పూలతో ఊగే రెల్లుగడ్డి ఉంది చూశారూ... అది దేన్నయినా తట్టుకుంటుంది. ఆ రెల్లు చెరుక్కి అడవి చుట్టం! ఈ రెండింటినీ కలిపి కోయంబత్తూరులో గట్టి రకాలు తీశారు. అలా కలిపినప్పుడు లోపల క్రోమోజోములు ఏమవుతున్నాయి, ఏ జంట కలుస్తుంది, ఏది కలవదు... అది చెప్పగలిగిన మనిషి జానకి. ఆ రెల్లుజాతి పుట్టిల్లు భారతదేశమేనని ఆవిడ తేల్చారు. చెరుకుని మొక్కజొన్నతో, జొన్నతో, దర్భజాతి గడ్డితో కూడా కలిపి చూశారు. 1935లో సర్ సి.వి. రామన్ స్థాపించిన సైన్సు అకాడమీ ఆవిణ్ని ఫెలోగా తీసుకుంది.

ఇంత చేసినా అక్కడ సుఖంగా లేరు. చుట్టూ అంతా మగవాళ్లు. ఈవిడ పెళ్లికాని ఒంటరి స్త్రీ. పైగా అప్పట్లో వెనకబడిన తీయ్య కులం. పని చేసింది ఒకరు, గుర్తింపు ఇంకొకరికి అన్న బాధ ఆవిడ ఉత్తరాల్లో కనబడుతుందని జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. జానకి దెబ్బలాటకి దిగలేదు, పని మానలేదు. దారి మార్చుకున్నారు.

బాంబుల కింద మైక్రోస్కోపు

1939 ఆగస్టులో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జన్యుశాస్త్ర మహాసభ. జానకి వెళ్లారు. సభ జరుగుతుండగానే యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. సెప్టెంబరులో రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఇంకొకరైతే దొరికిన ఓడెక్కి ఇంటిదారి పట్టేవారే. జానకి లండన్ శివార్లలోని జాన్ ఇన్నిస్ ఉద్యాన పరిశోధన సంస్థలో ఉద్యోగంలో చేరిపోయారు.

రాత్రి బాంబులు పడుతుంటే మంచం కింద దూరడం, తెల్లారి పగిలిన గాజుపెంకులు చీపురుతో ఊడ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోవడం... అలా గడిచాయి ఆ రోజులు. తోడుగా ఒక ఉడుత! మన దేశం నుంచి ఎవరికీ కనబడకుండా వెంట తీసుకెళ్లిన చారల ఉడుత. దాని పేరు కపోక్, అంటే బూరుగుదూది.

ఆ కష్టకాలంలోనే డార్లింగ్టన్ అనే శాస్త్రవేత్తతో కలిసి మనిషి పెంచే మొక్కల క్రోమోజోముల లెక్కలన్నీ ఒకచోట చేర్చి పుస్తకం తయారుచేశారు. 1945లో అచ్చయింది. ఏ మొక్కని దేనితో కలపవచ్చో తెలుసుకోవాలంటే ముందు దాని లెక్క తెలియాలి కదా! మొక్కలు కలిపే పనిలో ఉన్నవాళ్లకి అది పంచాంగం లాంటి పుస్తకం.

మందుచుక్క మహిమ

1946లో జానకి విస్లీ తోటకి మారారు. ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారి పేరుమోసిన తోట అది. అక్కడ జీతం మీద పనిచేసిన తొలి మహిళా శాస్త్రవేత్త ఆవిడేనంటారు.

ఇప్పుడు ఆ మందు సంగతి. దాని పేరు కాల్చిసిన్. మన అడవుల్లో, కంచెల మీద ఎరుపూ పసుపూ కలిసిన మంటలాంటి పువ్వు పూసే అడవినాభి తీగ తెలుసు కదా? ఆ దుంపలో ఉండే విషం ఇదే. మొక్క పెరిగేటప్పుడు కణం రెండుగా చీలుతుంది. చీలేముందు క్రోమోజోములు రెట్టింపై, ఇటు సగం అటు సగం వెళతాయి. కాల్చిసిన్ తగిలితే లాగే దారాలు తెగిపోయినట్టై, కణం చీలదు. రెట్టింపు సరుకంతా ఒకే కణంలో ఉండిపోతుంది. 1937లో అమెరికాలో ఈ సంగతి బయటపడగానే పూల లోకంలో పెద్ద కలకలం రేగింది.

విస్లీలో జానకి మాగ్నోలియా మొలకల లేత చివుళ్లకి ఈ మందు పట్టించారు. మాగ్నోలియా అంటే మనకి కొత్తేం కాదు, మన సంపెంగ కూడా ఆ కుటుంబంలోదే. మందు తగిలిన మొలకలు కొన్ని చచ్చాయి, కొన్ని మామూలుగానే పెరిగాయి. కొన్నింటిలో మాత్రం క్రోమోజోములు రెట్టింపయ్యాయి. ఆకులు మందంగా, పూలు మరింత నిండుగా వచ్చాయి. వాటిని తోటలోని గుట్ట మీద నాటారు. అందులో తెల్లటి పూలు పూసే ఒక రకానికి జానకి అమ్మాళ్ అన్న పేరు నిలిచిపోయింది. డే లిల్లీ పువ్వుని పెద్దది చేసినదీ ఇదే లెక్క, ఇదే మందు. ఒకరు చెట్టు మీద చేశారు, ఇంకొకరు దుబ్బు మీద చేశారు. అంతే తేడా.

పిలిచి పీట వేశారు, కానీ...

స్వతంత్రం వచ్చింది. నెహ్రూ గారు స్వయంగా పిలవడంతో 1951లో జానకి తిరిగొచ్చారు. భారత వృక్ష సర్వేక్షణ సంస్థని మళ్లీ గాడిలో పెట్టే బాధ్యత 1952లో ఆవిడకి అప్పజెప్పారు. మన దేశపు మొక్కల నమూనాలు మంచివన్నీ లండన్‌లో ఉన్నాయి, మన మొక్క గురించి తెలుసుకోవాలంటే మనమే అక్కడికి వెళ్లాలా అన్నది ఆవిడ బాధ. అడవుల్లో ఉండే గిరిజనులకి మొక్కల గురించి తెలిసినంత ఎవరికి తెలుసు, ఆ జ్ఞానం పోకముందే రాసి పెట్టుకోవాలన్నది ఆవిడ పట్టుదల. మన సవర, జాతాపు గూడేల్లో దుంపా వేరూ ఎరిగిన పెద్దమ్మల్ని చూసినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

కానీ సర్వే పగ్గాలు చివరికి వేరొకరి చేతికి వెళ్లాయి. ఆ నొప్పి ఆవిడకి చాలాకాలం ఉంది. అయినా అలహాబాదులో కేంద్ర వృక్షశాస్త్ర ప్రయోగశాలని నడిపారు. తర్వాత జమ్మూలో మందుమొక్కల మీద, నిమ్మగడ్డి జాతుల మీద పనిచేశారు. 1955లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో, మనిషి వల్ల భూమి ఎలా మారిపోతోందన్న విషయం మీద పెద్ద సదస్సు జరిగితే, పిలుపు అందుకున్న ఒకే ఒక్క మహిళ జానకి.

ఎనభై ఏళ్ల వయసులో అడవి కోసం

1970లో మద్రాసు చేరుకుని, ఊరి బయట మధురవాయల్‌లో విశ్వవిద్యాలయం వారి క్షేత్ర ప్రయోగశాల దగ్గర కాపురం పెట్టారు. కాపురం అంటే ఏముంది... కొన్ని పసుపుపచ్చ చీరలు, బోలెడన్ని మొక్కలు, ఒక మంద పిల్లులు! పిల్లి పిల్లల్లో తేడాలు కూడా గమనిస్తూ ఉండేవారట. 1977లో పద్మశ్రీ వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కేరళలో సైలెంట్ వ్యాలీ గొడవ మొదలైంది. కుంతిపుళ నది మీద కరెంటు కోసం ఆనకట్ట కడితే వేల ఏళ్ల నాటి అడవి నీళ్లపాలు. చెరుకు తియ్యదనం పెంచిన మనిషి, దేశానికి పంటలు కావాలని తెలిసిన మనిషి... అయినా ఆ అడవి పోకూడదని నిలబడ్డారు. పైపైన అనలేదు. ఆ లోయలో చెట్ల క్రోమోజోముల లెక్క తీయడానికి ఎనభై ఏళ్ల వయసులో పూనుకున్నారు. పోతే మళ్లీ రాని సరుకు ఎంతుందో లెక్కతో చెప్పాలన్నది ఆవిడ పద్ధతి.

1984 ఫిబ్రవరిలో, ఆ ప్రయోగశాల పనిలో ఉండగానే కన్నుమూశారు. అదే ఏడు నవంబరులో సైలెంట్ వ్యాలీని జాతీయవనంగా ప్రకటించారు. ఆ కబురు వినడానికి ఆవిడ లేరు.

ఆవిడ పేరుతో కేంద్రప్రభుత్వం వృక్షశాస్త్రజ్ఞులకి అవార్డు పెట్టింది. కొడైకెనాల్‌లో గులాబీలు పుట్టించే వీరరాఘవన్ దంపతులు ఒక గులాబీకి ఆవిడ పేరు పెట్టారు. ఆ వీరరాఘవన్ గారు ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసినవారే.

మీ పెరట్లో మీరే చేసి చూడండి

ఇదంతా పెద్ద ప్రయోగశాలల సంగతి, మనకెందుకు అనుకోకండి. కాల్చిసిన్ జోలికి మాత్రం పోవద్దు. అది విషం, ఇంట్లో పిల్లలుంటారు. అడవినాభి దుంప కూడా ముట్టుకోవద్దు. మందు లేకుండానే రెండు పువ్వుల్ని కలిపి కొత్త పువ్వు పుట్టించవచ్చు. అందుకు డే లిల్లీ అంత సులువైన మొక్క ఇంకోటి లేదు.

ముందు మొక్క. మనది వేడి, ఉక్క ఉన్న సముద్రతీరం. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే రకాలకి మంచి చలి కావాలి. అవి ఇక్కడ సరిగ్గా పూయవు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే రకాలే అడిగి తెచ్చుకోండి. ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు మంచిది. తుఫాను వానలకి నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటండి.

పొద్దున్నే పువ్వు విచ్చుకోగానే చూడండి. మధ్యలో పుప్పొడి ఉన్న కేసరాలు ఆరు, వాటికన్నా పొడుగ్గా ఒంటరిగా సాగిన కీలం ఒకటి. తండ్రి అనుకున్న పువ్వునుంచి ఒక కేసరం తుంచి, పొడి ఆరాక, తల్లి అనుకున్న పువ్వు కీలం కొసకి అద్దండి. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. కాడకి రంగుదారం కట్టి, ఏది దేనితో కలిపారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇది మరిచిపోతే మీ శ్రమంతా పోయినట్టే!

పువ్వు వాడి రాలాక అడుగున చిన్న పచ్చకాయ నిలిస్తే మీ పని ఫలించినట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాయ ముదిరి పగులుతుంది. లోపల నల్లటి మెరిసే గింజలు. నాటితే పువ్వు చూడ్డానికి ఏడాదో రెండేళ్లో ఆగాలి. ఒక్క కాయలోని గింజల్లోనే ఏ రెండు మొక్కల పువ్వులూ అచ్చు ఒకేలా ఉండవు. ఒక కడుపున పుట్టిన పిల్లల్లాగే.

లెక్క మాత్రం మరిచిపోవద్దు. 22 క్రోమోజోముల రకం 22 దానితోనే, 44ది 44 దానితోనే కలుస్తుంది. అడ్డదిడ్డంగా కలిపితే కాయ కట్టదు. పాత నారింజరంగు రకంలో అవి 33. జతకి జత కుదరదు కాబట్టి గింజ పట్టదు, దుంప విడదీసి పంచుకోవాల్సిందే. కొనేటప్పుడే ఏ రకమో అడిగి రాసుకోండి. డే లిల్లీ దొరక్కపోతే రెండు రంగుల మందారాలతోనైనా ఈ పని మొదలుపెట్టవచ్చు.

పదిమందిలో ఒక గింజ బాగుంటుంది. మిగతావి మామూలుగా ఉంటాయి. దానికి నిరాశపడితే ఈ పనికి పనికిరాం. జానకి అమ్మాళ్ మందు పట్టించిన మొలకలు కూడా ఎన్నో చచ్చాయి. ఉద్యోగంలో దక్కాల్సినవి దక్కలేదు, పిలిచినవాళ్లే పక్కన పెట్టారు. ఆవిడ మాత్రం మర్నాడు పొద్దున్నే గాజుపెంకులు ఊడ్చుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టారు.

డే లిల్లీ కూడా అంతే కదండీ... ఇవాళ్టి పువ్వు వాడింది. రేపటి మొగ్గ ఆ కాడ మీదే ఉంది.